పెట్ట ఆమెది, పుంజు ఆయనది

కోళ్లను పెంచడం అనే ఒకే పనికి మన సమాజంలో మూడు పేర్లున్నాయి. వేల కోళ్లతో షెడ్డు వేసి ఒక మగవాడు చేస్తే అది పరిశ్రమ. ఊరి బయట కాస్త జాగా కొనుక్కున్న నాలాంటి ఉద్యోగస్తురాలు చేస్తే అది సరదా, అభిరుచి. పల్లెలో భూమి లేని స్త్రీ తన ఇంటి వెనక అయిదారు కోళ్లను సాకితే దానికి అసలు పేరే లేదు. లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చి ఏం పని చేస్తావని అడిగితే ఆమె కూడా "ఏం లేదు, ఇంటికాడనే ఉంట" అంటుంది. ఆ జవాబును వాళ్లు అలాగే రాసుకుని పోతారు.

ఈ మూడు పేర్ల వెనక వర్గం ఉంది, కులం ఉంది, స్త్రీ పురుష భేదం ఉంది. భూమి హక్కు, కూలి రేట్లు, గృహహింస వంటి పెద్ద సమస్యలు మన ముందుండగా కోళ్ల గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. గ్రామాల్లో భూమి, ఇల్లు, పశువులు ఏవీ తమ పేరున లేని లక్షలాది స్త్రీలకు సొంతమని చెప్పుకోగలిగిన ఆస్తి కోడిపెట్ట ఒక్కటే. అమ్మాలా, పొదగెయ్యాలా, పిల్లలకు వండిపెట్టాలా అన్నది ఎవరినీ అడగకుండా ఆమె తేల్చుకోగలిగే విషయాలు చాలా కొద్ది. వాటిలో ఇదొకటి. ఆ కాస్త జాగా కూడా ఇప్పుడు ఎలా కుదించుకుపోతున్నదో చూడడం అవసరమని నా అభిప్రాయం.

ముందుగా నా సంగతి చెప్పాలి. కొన్నేళ్లుగా వికారాబాద్ వైపు 20 గుంటల చెలకలో చిన్న కోళ్ల గూడు కట్టి గుడ్ల కోసం కోళ్లను పెంచుతున్నాను. ఇప్పుడు 14 గ్రామప్రియ పెట్టలు, నాలుగు నాటు కోళ్లు, మూడు టర్కీ కోళ్లు ఉన్నాయి. నాకిది బతుకుతెరువు కాదు. నష్టం వస్తే నా నెల జీతంలోంచి సర్దుకుంటాను. నేను నగరంలో ఉండే రోజుల్లో వీటిని చూసుకునేందుకు పక్క ఊళ్లోని ఒక స్త్రీకి నెల నెలా జీతమిస్తున్నాను. ఆమె తన ఇంటి దగ్గర కూడా ఏడెనిమిది నాటు కోళ్లను సాకుతుంది. తెల్లవారగానే తన కోళ్ల గంప లేపి, నీళ్లు పోసి, నూకలు చల్లి, తర్వాత నా చెలకకు వచ్చి అదే పని మళ్లీ చేస్తుంది. మనిషి ఒకరే, పని ఒకటే. నా గూడు దగ్గర చేసినది ఉద్యోగం, ఆమె గంప దగ్గర చేసినది ఏమీ కాదు. ఇంటిపనికి విలువ లేదన్న మాటను మనం ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. అది ఇంత స్పష్టంగా, ఒకే మనిషిలో, ఒకే ఉదయంలో కనబడే సందర్భాలు తక్కువ.

"మీ ఇంటి కోళ్ల పనికి కూడా లెక్క గడితే ఎంతవుతుందక్కా?" అని ఒకసారి అడిగాను. "కోళ్లదేం పని మేడం, అవ్వే తిరుగుతయి, అవ్వే తింటయి" అన్నది నవ్వుతూ.

అవే తిరగవు, అవే తినవు

నా గూడు దగ్గర పని ఎంతో నేను రాసి పెట్టుకున్నాను కాబట్టి అది నాకు తెలుసు. పొద్దున గూడు తెరవడం, నీళ్ల గిన్నెలు కడగడం, మేత వెయ్యడం, కింద పరిచిన వరిపొట్టు తిరగెయ్యడం, తడిసిన చోట తీసేసి సున్నం చల్లడం, గుడ్లు ఏరడం, కుంటుతున్న కోడినీ ముక్కు కారుతున్న కోడినీ విడిగా పెట్టడం, చీకటి పడకముందే అన్నీ లోపలికి వచ్చాయో లేదో లెక్కపెట్టి తలుపు వెయ్యడం. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. అది సంచిలో కొని తెచ్చేది కాబట్టి నాకు ఖర్చుగా కనబడుతుంది. మా పొరుగామె తన కోళ్లకు వేసే నూకలు, తౌడు, కూలికి పోయిన చోట తట్టలో తెచ్చే చెదలు ఖర్చుగా కనబడవు. అవి ఆమె శ్రమే కనుక.

ఇక పొదిగించడం ఒక శాస్త్రం. ఏ పెట్ట పొదుగుకు కూర్చునే గుణం కలదో, ఏది మధ్యలో లేచిపోతుందో గుర్తుపెట్టుకోవాలి. గుడ్లలో నిలవ ఉన్నవి, పగుళ్లున్నవి ఏరెయ్యాలి. కోడి కడుపు కిందికి పట్టేటన్ని, పది పన్నెండు గుడ్లు పెట్టాలి. ముదురు ఎండల్లో పొదగెయ్యకూడదు. 21 రోజుల పాటు కోడిని రోజుకోసారి లేపి తిండి నీళ్లు పెట్టి మళ్లీ కూర్చోబెట్టాలి. పిల్లలు దిగాక గద్ద నుంచి, కాకి నుంచి, పిల్లి నుంచి, ముంగిస నుంచి వాటిని కాపాడాలి. పది పిల్లలు దిగితే అందులో సగం పెద్దవైతే అదృష్టమని పల్లె స్త్రీలు చెబుతారు. ఈ జ్ఞానమంతా తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చినది. దీనికి సర్టిఫికెట్ లేదు. పశువైద్య విభాగం శిక్షణా తరగతికి పిలిచేది మాత్రం సాధారణంగా ఇంటి యజమానినే.

టర్కీ కోళ్లు ఇంకా కష్టం. వాటి గుడ్డు పొదగడానికి 28 రోజులు పడుతుంది. పిల్లలకు మొదటి రోజుల్లో తినడం కూడా నేర్పాలి. మేత ఎదురుగా ఉన్నా ముట్టక ఆకలితో చచ్చిపోతాయి. ఉడికించిన గుడ్డు చిదిమి, పాలు కలిపిన నీళ్లు పట్టి, ఒక్కొక్కదాని నోట్లో పెట్టాలి. మామూలు కోడిపిల్లల కంటే వాటికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. పైగా కోళ్లలో పెద్దగా బయటపడని ఒక పేగు జబ్బు టర్కీలకు సోకితే ప్రాణం తీస్తుంది. అందుకని రెండింటినీ ఒకే నేల మీద తిప్పకూడదంటారు. నేను వాటికి వేరే కంచె కట్టించాను. రెండు కంచెలు కట్టించుకునే జాగా, డబ్బు నాకున్నాయి. అభిరుచి అనే మాటకు అర్థం అదే.

నిర్వచనంలో ఉంది, లెక్కలో లేదు

ప్రభుత్వ నిర్వచనాల ప్రకారం ఇంట్లో కోళ్లు పెంచడం ఆర్థిక కార్యకలాపమే. అమ్మకానికైనా, సొంత తిండికైనా అది ఉత్పత్తి కిందికే వస్తుంది. ఆచరణలో జరిగేది వేరు. జాతీయ నమూనా సర్వే వర్గీకరణలో ఇంటిపని చేసేవాళ్లకు 92, 93 అనే రెండు సంకేతాలున్నాయి. ఈ సంకేతం పడిన స్త్రీ శ్రామికుల జాబితాలోంచి బయటికి పోతుంది. ఉపాధి మీద విస్తృతంగా జరిపిన సర్వేల్లో ఇలాంటి స్త్రీలను 'ఇంటి కోళ్ల పని చేస్తారా, ఇంటి పాడి పని చేస్తారా, పెరటి తోట చూస్తారా' అని విడిగా అడిగేవారు. ఆ ప్రశ్న వేశారంటే పని జరుగుతున్నదని సర్వే వాళ్లకూ తెలుసన్నమాట. తెలిసీ ఆమెను శ్రామికురాలిగా రాయలేదు. 2019లో దేశమంతటా జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. కోళ్లకు నీళ్లు పోసిన పది నిమిషాలు, గంప మూసిన పది నిమిషాలు ఇంటిపనిలో కలిసిపోకుండా విడిగా నమోదు కావాలంటే అడిగేవాళ్లకు అది పనేనన్న స్పృహ ఉండాలి.

ఇది మన ప్రాంతానికి కొత్త అనుభవం కాదు. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజుకు ఆరేడు గంటలకు పైగా అల్లే స్త్రీలను 'ఇంటిపట్టున ఉండే గృహిణులు', వాళ్ల పనిని 'తీరిక వేళ చేసేది' అని పిలవడం వల్లే వాళ్లకు అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైందని ఆమె చూపించారు. ఇలా భట్ అధ్యక్షతన జాతీయ కమిషన్ 1988లో ఇచ్చిన 'శ్రమశక్తి' నివేదిక కూడా ఇంట్లోనూ బయటా స్త్రీలు చేసే లెక్కకు రాని పనులన్నిటినీ శ్రమగా గుర్తించాలని చెప్పింది. ఆ నివేదిక వచ్చి 35 ఏళ్లు దాటింది. కోళ్ల విషయంలో మనం ఇంకా 'తీరిక వేళ' దగ్గరే ఆగి ఉన్నాం.

"మీ ఆయన ఉన్నడా?"

పెట్ట ఆమెది, పుంజు ఆయనది. పల్లెల్లో ఎవరూ దీన్ని రాసుకోలేదు, అయినా అందరికీ తెలిసిన ఒప్పందమే. గుడ్లు అమ్మిన డబ్బు ఆమె కొంగున ముడి వేసుకుంటుంది. ఉప్పు పప్పులకు, పిల్ల నోటుపుస్తకానికి, తన తలనొప్పి మాత్రకు అది సరిపోతుంది. ఆ మాత్రం డబ్బును భర్త అడగడు. అడగకపోవడానికి కారణం గౌరవం కాదు, మొత్తం చిన్నది కావడం.

మొత్తం పెరిగితే ఏమవుతుందో మా పొరుగామె ఇంట్లో చూశాను. మూడేళ్ల కిందట ఆమెకు రెండు టర్కీ పిల్లలిచ్చాను. ఆమె వాటిని బిడ్డల్లా సాకింది. ఒక్కొక్కటి ఆరేడు కిలోలైంది. అంతకుముందు గుడ్లు కొనేవాళ్లు, నాటు కోడి కొనేవాళ్లు వచ్చి "అక్కా, కోడి ఇస్తవా" అని ఆమెనే అడిగేవాళ్లు. డిసెంబరులో క్రిస్మస్ బేరానికి నగరం నుంచి మోటారు సైకిల్ మీద వచ్చిన కొనుగోలుదారు ఆమె గుమ్మం ముందు నిలబడి అడిగిన మొదటి మాట "మీ ఆయన ఉన్నడా?" పక్షులు పెరిగింది ఆమె చేతుల్లో. వాటి బరువు, వయసు, తిన్న తిండి చెప్పగలిగింది ఆమె ఒక్కతే. బేరం మాత్రం ఆయనతో జరిగింది. డబ్బు ఆయన చొక్కా జేబులోకి పోయింది. ఆమె దీని గురించి పెద్దగా బాధపడినట్టు కనబడలేదు. "పెద్ద పైసలు కద మేడం" అన్నది. పెద్ద పైసలు మగవాళ్లవి, చిల్లర ఆడవాళ్లది అన్న విభజన ఆమెకు సహజంగా తోచింది.

అభివృద్ధి కార్యక్రమాల్లో పనిచేసేవాళ్లు దీన్ని పదే పదే చూసి ఉంటారు. స్త్రీల చేతిలోని పనికి మార్కెట్ రాగానే యజమాని మారతాడు. శ్రమ మారదు. మేత వేసేది ఆమే, పేడ ఎత్తేది ఆమే.

పుంజు విషయంలో ఇది ఇంకా నగ్నంగా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరికి దిగే పుంజులను డేగ అనీ, కాకి అనీ, నెమలి అనీ రంగును బట్టి పిలుస్తారు. వాటి మీద వేలు, లక్షలు పందెం కాస్తారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఇలాంటి పందేలను నేరమన్నా ఏటా అవి జరుగుతూనే ఉన్నాయి. పత్రికల్లో పుంజు ఫొటో, పక్కన దాని యజమాని ఫొటో వస్తాయి. ఆ పుంజు పిల్లగా ఉన్నప్పుడు గద్ద ఎత్తుకుపోకుండా కాపాడిన స్త్రీ ఫొటో మనమెప్పుడైనా చూశామా? పందెంలో ఇంటి డబ్బు పోతే దాని ఫలితం అనుభవించేది మాత్రం ఆమే.

తిండి దగ్గరా ఇదే వరస. అల్లుడొస్తేనో, పోచమ్మ పండుగకో ఇంటి కోడిని కోస్తారు. తొడ ముక్కలు మగవాళ్ల పళ్లేల్లోకి పోతాయి. కోడిని పెంచిన చేతికి మెడ ముక్క, అడుగున మిగిలిన పులుసు. రక్తహీనతతో బాధపడే స్త్రీలు గుడ్లు పెట్టే కోళ్ల మధ్యే బతుకుతూ ఆ గుడ్లను తాము తినకుండా అమ్ముకోవలసి రావడం మీద మన పోషకాహార ప్రచారాలు మాట్లాడవు.

తెగులు, టీకా, పరిహారం

పెరటి కోళ్లను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. రాణిఖేత్ అనేదీ అదే. ఒకసారి వాడలోకి వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో గంపలు ఖాళీ అవుతాయి. దీనికి మందు లేదు, టీకా ఉంది. మొదటి వారంలో కంట్లో లేక ముక్కులో చుక్క వెయ్యాలి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో సూది వెయ్యాలి. ఖరీదు ఎక్కువ కాదు. మరి ఏటా ఇన్ని కోళ్లు ఎందుకు చస్తున్నాయి?

టీకా తయారయ్యే తీరే పరిశ్రమ కోసం. సీసాలు 100 మోతాదులవి, అంతకంటే పెద్దవి వస్తాయి. చల్లగా నిలవ ఉంచాలి. నీళ్లు కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. షెడ్డులో పదివేల కోళ్లున్నవాడికి ఇది ఇబ్బంది కాదు. ఆరు కోళ్లున్న స్త్రీ ఏం చెయ్యాలి? వాడలోని ఇరవై ఇళ్లవాళ్లు ఒకే పూట, కోళ్లు గంపల్లోంచి బయటికి రాకముందే, ఒకే సీసాను పంచుకోవాలి. ఇది పూర్తిగా సంఘటిత పని. సంఘాలు బలంగా ఉన్న చోట ఇది సాధ్యమేనని అనుభవాలున్నాయి. తూర్పు గోదావరి మన్యంలో 'అంత్ర' సంస్థలోని మహిళా పశువైద్యులు ఆదివాసీ స్త్రీలతో కలిసి అసీల్ కోళ్ల సంరక్షణ మీద పనిచేశారు. కోడిని వాటాకు ఇచ్చి పిల్లలను పంచుకునే పాత ఆచారం కూడా అక్కడి స్త్రీలకు ఆసరా అయింది.

ఇప్పుడు ప్రభుత్వం ఈ పనిని పశుసఖుల మీద పెడుతున్నది. 2022లో మొదలైన 'ఎ-హెల్ప్' పథకంలో స్వయం సహాయక సంఘాల స్త్రీలకు శిక్షణ ఇచ్చి పశువైద్య విభాగానికీ ఇళ్లకూ మధ్య నిలబెడుతున్నారు. స్త్రీల జ్ఞానాన్ని గుర్తించడం మంచిదే. వాళ్లకిచ్చేది మాత్రం జీతం కాదు, చేసిన పనికి ఇంత అనే ప్రోత్సాహకం. ఆశా కార్యకర్తలతో, అంగన్‌వాడీ కార్యకర్తలతో జరిగినదే ఇక్కడా జరుగుతున్నది. స్త్రీల పనిని సేవ అని పిలిచి చవకగా తీసుకునే అలవాటును మనం ఇంకో రంగంలోకి పాకనివ్వకూడదు.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఈ అసమానత ఇంకా స్పష్టమవుతుంది. మన దేశంలో మొదటిసారి అది 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ఫారాల్లో నిర్ధారణ అయింది. నియమం ప్రకారం జబ్బు బయటపడిన చోటి నుంచి ఒక కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ చంపేస్తారు. ప్రజల ఆరోగ్యం కోసం అది అవసరమే, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. పరిహారం సంగతే చూడండి. అధికారులు చంపిన కోళ్లకు పరిహారం ఇస్తారు. వాళ్లు రాకముందే జబ్బుతో చచ్చినవాటికి ఇవ్వరు. ఫారం యజమానికి రిజిస్టరుంటుంది, మేత బిల్లులుంటాయి, ఫోన్ చేసి వెంటనే పిలిపించుకునే పలుకుబడి ఉంటుంది. వాడలోని స్త్రీకి ఇవేవీ లేవు. ఆమె కోళ్లు ఎన్నో ఆమె నోటిమాటే సాక్ష్యం. వచ్చిన కొద్ది డబ్బైనా ఎవరి బ్యాంకు ఖాతాలో పడాలన్నప్పుడు మళ్లీ అదే ప్రశ్న వస్తుంది: మీ ఆయన ఉన్నాడా?

విత్తనం ఎవరి చేతిలో?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి పెరటి రకాలను తయారుచేసింది. ఆ కృషిని తక్కువ చెయ్యలేం. నాటు కోడి ఏడాదికి 60, 70 గుడ్లు పెట్టే చోట గ్రామప్రియ పెరట్లో కూడా సుమారు 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. నా అనుభవమూ అంతే. ఈ రకాలకు పొదుగు గుణం దాదాపు లేదు. గుడ్లు పెట్టుకుంటూ పోతాయి, కూర్చోవు. అందువల్ల ప్రతి తరానికి పిల్లలను బయట కొనాలి. నాటు పెట్ట కింద గుడ్లు పెట్టి పిల్లలను తీసినా వాటిలో ఆ గుణాలు అదే తీరున నిలవవు.

దీని అర్థం ఆలోచించండి. నాటు కోడి ఉన్న స్త్రీ చేతిలో విత్తనం ఉంది. తెగులొచ్చి అన్నీ పోయినా పక్కింటామె దగ్గర ఒక పెట్టను వాటాకు తెచ్చుకుని మళ్లీ మొదలుపెడుతుంది. మెరుగుపరచిన కోడి తీసుకున్న స్త్రీ మళ్లీ పథకం కోసమో, వ్యాపారి కోసమో ఎదురుచూడాలి. పత్తి విత్తనాల విషయంలో రైతులకు జరిగిన దాన్ని మనం చూశాం. ఎక్కువ గుడ్లు వద్దని నేననడం లేదు. పిల్లల సరఫరా స్త్రీల సంఘాల చేతిలో ఉండాలనీ, నాటు కోడిని వెనకబాటుతనంగా చూసి తొలగించకూడదనీ అంటున్నాను.

కోళ్ల పరిశ్రమలో తెలుగువాళ్లు దేశానికే ముందున్నారని మనం గర్వపడతాం. 2022-23లో దేశంలో ఉత్పత్తయిన గుడ్లు 13,800 కోట్లకు పైగా. వాటిలో ఆంధ్రప్రదేశ్ వాటా అయిదో వంతు. గుడ్డు ధరను వ్యాపారి కాకుండా ఉత్పత్తిదారుడే నిర్ణయించాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. ఆ ఉత్పత్తిదారుల్లో పెరటి స్త్రీ లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న 85 కోట్ల కోళ్లు, ఇతర పెంపుడు పక్షుల్లో 31 కోట్లకు పైగా పెరటివి. 2012తో పోలిస్తే అవి దాదాపు 46 శాతం పెరిగాయి. అంటే ఇది అంతరించిపోతున్న పాత అలవాటు కాదు. ఇంత పెద్ద రంగానికి వచ్చే సహాయం ఎవరికి చేరుతోంది? 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద వెయ్యి తల్లి కోళ్ల యూనిట్ పెట్టేవారికి సగం పెట్టుబడి, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల వరకు సబ్సిడీ ఉంది. దానికి భూమి చూపించాలి, బ్యాంకు అప్పు తెచ్చుకోవాలి. నాలాంటిది ప్రయత్నిస్తే దొరకవచ్చు. నా కోళ్లు చూసే ఆమెకు దొరకదు.

మనం అడగవలసినవి

ఈ వాదనకు మన శిబిరం నుంచే ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. డ్వాక్రా రోజుల నుంచీ స్త్రీల ఆదాయం అంటే కోళ్లు, మేకలు, పచ్చళ్లు, అప్పడాలే ఎందుకు? ఇది స్త్రీలను ఇంటి చుట్టూ కట్టెయ్యడం కాదా? ఉన్న పనికి ఇంకో పని చేర్చి దానికి సాధికారత అని పేరు పెట్టడం కాదా? ఈ అభ్యంతరంలో చాలా నిజముంది. అందుకే ప్రతి స్త్రీకీ పది కోళ్లు పంచండని నేను కోరడం లేదు. కోళ్లు భూమి హక్కుకు బదులు కావు, కూలి పెంపుకు బదులు కావు. ఇప్పటికే కోళ్లు పెంచుతున్న స్త్రీలకు ఆ కోళ్ల మీద పూర్తి హక్కు ఉండాలంటున్నాను. అందుకు ఈ కింది విషయాలు మన సంఘాల్లో చర్చకు రావాలి.

ఒకటి, ఉపాధి సర్వేల్లోనూ రాబోయే జనగణనలోనూ కోళ్లు, మేకలు, పాడి చూసే స్త్రీని శ్రామికురాలిగా రాయాలి. లెక్కలు రాసేవాళ్లు వచ్చే ముందు సంఘం సమావేశాల్లో "ఏం లేదు, ఇంటికాడనే ఉంట" అనవద్దని మనమే చెప్పాలి.

రెండు, టీకా ప్రతి వాడకూ ఏడాది పొడవునా అందాలి. చిన్న మోతాదుల సీసాలు తయారుచెయ్యాలి. టీకా వేసే స్త్రీలకు ప్రోత్సాహకం కాదు, జీతం ఇవ్వాలి.

మూడు, పంచాయతీలో ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో స్త్రీ పేరు మీద రిజిస్టరు పెట్టాలి. బర్డ్ ఫ్లూ పరిహారం ఆమె ఖాతాలోనే పడాలి. తెగులు నిర్ధారణ అయిన చోట అంతకుముందు చచ్చిన పెరటి కోళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగు, అంగన్‌వాడీలకూ బడులకూ గుడ్లు టెండర్ల ద్వారా పెద్ద సరఫరాదారుల నుంచి వస్తున్నాయి. తెలంగాణలో 2015 నుంచి గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో రోజూ గుడ్డుతో భోజనం పెడుతున్నారు. ఆ గుడ్లలో ఒక భాగాన్నయినా అదే ఊరి స్త్రీల సంఘం నుంచి కొనాలి. నాటు గుడ్డు చిన్నది కనుక బరువు షరతులో దానికి మినహాయింపు ఉండాలి. అప్పుడు కొనేది ప్రభుత్వం, అమ్మేది సంఘం. గుమ్మం ముందు భర్తను వెతకవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

అయిదు, మనలాంటి నగరవాసులు ఊళ్ల చుట్టూ కొంటున్న జాగాల గురించి కూడా మాట్లాడుకోవాలి. చెలకలకు కంచెలు పడుతున్న కొద్దీ వాడలోని కోళ్లు, మేకలు తిరిగే బీడు తగ్గిపోతున్నది. పెద్ద గోడల ఫామ్‌హౌస్ లోపల పెరిగిన గుడ్డు 'సహజమైనది' అని ఎక్కువ ధరకు పోతుంది. గోడ బయట అదే గుడ్డు పెట్టే కోడి పక్కవాళ్ల పూలకుండీ పాడుచేసిందని తిట్లు తింటుంది. నా చెలకకు కంచె ఉంది, కోత అయిపోయిన రోజుల్లో ఊరి కోళ్లకు దాని గేటు తెరిచే ఉంటుంది. ఇది ఒక మనిషి మంచితనంగా మిగలకూడదు. బీడు భూముల మీద ఊరి స్త్రీల వాడుక హక్కుగా పంచాయతీ తీర్మానాల్లోకి ఎక్కాలి.

కిందటి వేసవిలో మా పొరుగామె తన కోళ్ల లెక్కను మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో తన కూతురి చేత రాయించడం మొదలుపెట్టింది. ఎన్ని గుడ్లు పెట్టాయి, ఎన్ని పొదగేసింది, ఎన్ని అమ్మింది, ఎంతొచ్చింది. నాలుగు నెలలకు కూడితే తన కూలి డబ్బులో దాదాపు మూడో వంతుకు సమానమైంది. "ఇంతనా!" అని ఆమె ఆశ్చర్యపోయింది. భర్త కూడా ఆ పుస్తకం అడిగి చూశాడట. ఆయన చూసిన మర్నాటి నుంచి ఆమె ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాస్తున్నది. లెక్క తెలియడంతోనే హక్కు రాదనీ, లెక్క తేలిన మరుక్షణం దాన్ని కాపాడుకోవలసి వస్తుందనీ ఆమెకు నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆ కాపాడుకోవడం ఒంటరిగా బియ్యం డబ్బాలో జరగాలా, సంఘంలో నలుగురి మధ్య జరగాలా అన్నదే మన ముందున్న ప్రశ్న. మీ ప్రాంతాల్లో స్త్రీలు దీన్ని ఎలా ఎదుర్కొంటున్నారో రాయండి.